బ్యూగిల్ తర్వాత సభ

ఆసక్తి కోల్పోయామట. నేనూ, అండాలూ. "కాలక్రమంలో ఆడపిల్లలు ఆసక్తి కోల్పోయి దేశ వ్యవహారాలకు దూరమయ్యారు." ఈ మాట ఎవరో దారినపోయేవాళ్ళు అన్నది కాదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం యాప్రాల్‌లో మా ఫ్లాటుకు వచ్చి, నేనిచ్చిన టీ తాగి, నేను పెట్టిన చేగోడీలు తిని, ప్రభన్నయ్య ల్యాప్‌టాప్ తెరిచి నా కళ్ళముందు పెట్టిన మాట. పక్కనే జెండా బొమ్మ. ఆ జెండా మా అమ్మ పాత లంగా చింపి నేను కుట్టింది. దాని మధ్యలో ఉన్న నల్లటి గుండ్రం అండాలు వాళ్ళింటి పెనం మసి. ఆ రెండూ ఎవరు చేశారో అక్కడెక్కడా లేదు. మాకు ఆసక్తి పోయిన సంగతి మాత్రం తప్పుల్లేని తెలుగులో ఉంది. చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. అరవై దాటిన మనిషివి, కోపం తగ్గించుకోమ్మా అని మా డాక్టరు చెబుతూనే ఉంటాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా దిగలేదు. దిగకముందే రాద్దామని కూర్చున్నాను.

ప్రభన్నయ్య అంటే ప్రభుదాసు. మాకు చుట్టం కాదు. నేరేడ్‌మెట్ క్వార్టర్లలో మా వెనక వరసలో ఉండే హెడ్మాస్టరుగారి అబ్బాయి. నాకంటే మూడేళ్ళు పెద్ద కాబట్టి అన్నయ్య, అంతే. ఉద్యోగం అయిపోయాక ఏం తోచక ఇంటర్నెట్ పట్టుకున్నాడు. అందులో తమ పెరడునో మేడగదినో స్వతంత్ర దేశమని ప్రకటించుకుని, జెండా, రాష్ట్రపతి, తపాలా బిళ్ళ అన్నీ పెట్టుకున్నవాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారట. అది చూడగానే ఆయనకు మా చిన్ననాటి నడిమిగుండు దేశం గుర్తొచ్చి, దాన్ని మళ్ళీ లేపి కూర్చోబెట్టాడు. బంధువుల్ని, చర్చివాళ్ళని, పాత ఆఫీసు మిత్రుల్ని పౌరులుగా చేర్చాడు. "ఇబ్బందేంటంటే సుగుణమ్మా," అన్నాడు చేగోడీ కొరుకుతూ, "పేరుకి చాలామందే ఉన్నారు, పలికేది ముగ్గురమే. రాష్ట్రపతి ఉన్నాడు, ప్రధానమంత్రి ఉన్నాడు, రెండు సభలున్నాయి, సుప్రీంకోర్టు కూడా ఉంది. పనిచేసేవాడే లేడు. మొత్తం పరిపాలనని సంస్కరించాలి. నువ్వు పుస్తకాలు రాసినదానివి కదా, కొత్త రాజ్యాంగం రాసిపెట్టు. సాంస్కృతిక శాఖ నీకిచ్చేస్తాను." ఇచ్చేస్తాడట. ఆయన సొంత సొమ్మయినట్టు.

నడిమిగుండు ఎవరిదో చెబుతాను. కొత్తగా రాష్ట్రం ఏర్పడి, కోస్తా నుంచి మా నాన్నలాంటి గుమాస్తాలు పెట్టెలూ బిందెలూ వేసుకుని ఇటు వచ్చిన రోజులవి. ఇప్పుడు టీవీలో రోజూ ఆ రాష్ట్రం ఒకటిగా ఉండాలా రెండు కావాలా అని కొట్టుకుంటున్నారు గానీ, అప్పుడు పెద్దవాళ్ళ నోట ఎప్పుడూ కొత్త రాష్ట్రం, కొత్త మంత్రులు అన్న మాటే. క్వార్టర్ల వెనక సీతాఫలం పొదల మధ్య మూడు పెద్ద రాతి గుండ్లుండేవి. మధ్య గుండు నెత్తిమీద మంచం వేసుకోదగినంత చదును. పక్కనున్న చీలికలో కాళ్ళు ఆనించుకుంటూ పైకి ఎక్కితే ఒకవైపు తిరుమలగిరి మిలిటరీ బారకాసులు, ఇంకోవైపు తాటిచెట్లు, చెరువు మెరుపు కనిపించేవి. పెద్దవాళ్ళు రాష్ట్రం చేసుకుంటే మనం దేశమే చేసుకుందాం అని ఎవరన్నారో నాకిప్పుడు గుర్తులేదు. ప్రభన్నయ్య తనే అన్నానంటాడు. అనుకోనివ్వండి. గుండు మీద పౌరుల పేర్లన్నీ జాజుతో రాసింది మాత్రం నేను. గోడలకు పట్టీలు వేసే ఆ ఎర్రమట్టిని చిప్పలో కలిపి తెచ్చింది అండాలు.

అండాలు పాల మల్లయ్య కూతురు. క్వార్టర్ల గోడకు అవతల వాళ్ళ కొట్టం. మేం రాకముందు నుంచీ, వాళ్ళ తాతల నుంచీ అక్కడే ఉన్నవాళ్ళు. మా ఇంట్లో మాట్లాడే తెలుగు విని నవ్వేది, వాళ్ళింటి తెలుగు విని నేను నవ్వేదాన్ని, ఇద్దరం కలిసి ప్రభన్నయ్య ఇంగ్లీషు విని నవ్వేవాళ్ళం. నాలుగో మనిషి శ్రీహరి, అండాలు మేనబావ, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళవైపు తల ఊపే మంచివాడు. అతను పోయి చాలాకాలమైంది. మొదట్లో దేశంలో క్వార్టర్ల పిల్లలందరూ ఉండేవాళ్ళు. అందుకే పదవులూ అన్ని పెట్టుకున్నాం: రాష్ట్రపతి, ప్రధాని, సభాపతి, రక్షణ, ఆరోగ్యం, నీటి సరఫరా, సీతాఫలాల శాఖ, పోలీసు, జైలరు, ప్రధాన న్యాయమూర్తి. తండ్రులు గుమాస్తాలు. బదిలీ కాగితం వస్తే పిల్లలు గుండు దిగి రైలెక్కాల్సిందే. ఒక్కొక్కరే పోగా చివరికి మేం నలుగురం మిగిలాం. మనుషులు పోయారు గానీ పదవులు పోలేదు, ఉన్నవాళ్ళ నెత్తినే పడ్డాయి. ప్రభన్నయ్య రాష్ట్రపతి, సభాపతి. శ్రీహరి ప్రధాని, న్యాయమూర్తి. నేను విదేశాంగం, ఆరోగ్యం, జెండా. అండాలు ప్రతిపక్షం, పోలీసు, జైలు, నీటి సరఫరా. ఒకరోజు శ్రీహరి పచ్చి సీతాఫలం కోశాడు. అది మా దేశంలో నేరం. అండాలు పోలీసుగా పట్టుకుంది. శ్రీహరి న్యాయమూర్తిగా తనని తాను విచారించుకుని నిర్దోషిగా వదిలేసుకున్నాడు. అండాలు ప్రతిపక్షంగా సభలోంచి లేచి వెళ్ళిపోయింది. దాంతో దేశంలో పోలీసు లేకుండా పోయాడు, ఆ రోజు తాగడానికి నీళ్ళూ లేకుండా పోయాయి. ఇక ఇలా కుదరదని నలుగురికీ తెలిసొచ్చింది.

ఆ గుండు మీద మాకు దొరికే సమయం బడి వదిలినప్పటి నుంచి బ్యూగిల్ ఊదేదాకా. పొద్దు గుంకుతుంటే తిరుమలగిరి బారకాసుల్లో జెండా దించుతూ బ్యూగిల్ ఊదేవారు. ఆ చుట్టుపక్కల అందరి ఇళ్ళూ దాన్నిబట్టే నడిచేవి. అది వినపడగానే మా నాయనమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి, "లాంతరు తేవే," అనేది. బూడిదతో తోమి పాత కాగితంతో తుడిచిన చిమ్నీ నేను పట్టుకోవాలి, అమ్మ వత్తి ముట్టించాలి. కిరసనాయిలు వాసన, పొయ్యి మీద వేగుతున్న ఎండు మెత్తళ్ళ వాసన, నాయనమ్మ తెల్లచీరలోంచి వచ్చే కర్పూరం వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన మొదలైనట్టు. చాప పరచడం నా పని, పాట ఎత్తుకోవడం నాయనమ్మ పని, వాక్యం చదవడం నాన్న పని. నాయనమ్మ గోదావరి పక్క నుంచి వచ్చిన మనిషి కదా, పాట ఎక్కడ మొదలుపెట్టినా ఎక్కడో పైకి తీసుకుపోయేది. ఊరివాళ్ళందరి పేర్లూ పేరుపేరునా ప్రార్థనలో తలచుకునేసరికి అన్నం చల్లారిపోయేది. అది అయ్యాక నేను కంచాలు కడగాలి, విస్తళ్ళు కుట్టిన రోజైతే అవి సర్దాలి. నాకు ఆ ప్రార్థనంటే అయిష్టమేమీ లేదు, నాయనమ్మ పక్కన ఒదిగి కూర్చోవడం ఇప్పటికీ కలలోకి వస్తుంది. కానీ బ్యూగిల్ తర్వాత నా ఒంట్లో ఒక్క వేలు కూడా నాది కాదు. గోడ అవతల అండాలు పరిస్థితీ అంతే. బ్యూగిల్ ఊదేసరికి మల్లయ్య బర్రెల్ని పితికి లేచేవాడు. పాలక్యాను నడుముకెత్తుకుని, చేతిలో కొలత గ్లాసుతో, అండాలు క్వార్టర్లన్నీ తిరగాలి. పితికిన పాల నురగ వాసన, పేడ వాసన, వాళ్ళమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన వదిలి ఆ పిల్ల గుమ్మం గుమ్మం ఎక్కేది.

సంస్కరణ సభ మంచి ఎండలో జరిగింది. అండాలు ఆ రోజు కూడా బావి నుంచి బిందె మోసుకొచ్చింది. మేం తాగాక మూతి తుడుచుకుని తనే మొదలుపెట్టింది. "ఈ కుర్చీలన్ని తీసి పారేద్దాం. నలుగురమే ఉన్నం, నలుగురం గుండ్రంగ కూసుందం. ఏ దినం నీళ్లు ఎవరు మోసుకొస్తె ఆ దినం వాళ్లే పెద్ద. మాపటికి దిగంగనే పెద్దరికం సుత దిగిపోవాలె." నాకు భలే నచ్చింది. జెండా ఎవరు ఎగరేస్తే వాళ్ళదే ఆ రోజు ఆఖరి మాట అని నేనూ ఒకటి కలిపాను. శ్రీహరి తల ఊపాడు. "మంచిగనే ఉంది గదా ప్రభు. పరేషాన్ లేదు." ప్రభన్నయ్య ఊపలేదు. "అలా అయితే రోజూ అండాలే రాష్ట్రపతి అవుతుంది కదా," అన్నాడు. "అయితే ఏమాయె?" అంది అండాలు. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. బిందె మోసిన పాపాన ఆయన ఏనాడూ పోలేదు మరి.

జవాబు లేనివాళ్ళు ఏం చేస్తారో ఆ తర్వాత జీవితమంతా చూశాను గానీ, మొదటిసారి చూసింది అక్కడే. "పదవుల సంగతి తర్వాత," అన్నాడు ప్రభన్నయ్య, "ముందు అసలు పౌరులెవరో తేల్చుకుందాం. చర్చి కమిటీలో ఉన్న రూలే పెట్టుకుందాం. వరసగా మూడు సభలకి రానివాడి పేరు కొట్టెయ్యాలి. పనిచేసే పౌరులకే ఓటు." మా చర్చి కమిటీకి మా నాన్న కార్యదర్శి. ఆ రూలు మా ఇంట్లో అన్నంతో పాటు నేను విన్నదే. మాకు ప్రభుత్వమంటే తెలిసింది ఆ కమిటీ ఒక్కటే. చర్చి రూలులో మోసం ఉంటుందని క్రైస్తవుల ఇంటి పిల్లకు ఎలా తడుతుంది? పైగా మేం ఒక్క సభ కూడా మానినవాళ్ళం కాదు. ఇది రైలెక్కి వెళ్ళిపోయిన వాళ్ళ పేర్లు తీసెయ్యడానికే అనుకున్నాం. నలుగురం చెయ్యెత్తాం. అప్పుడు రాష్ట్రపతిగారు నోరు విప్పారు. "శ్రీహరికి రేపట్నుంచి మా నాన్న దగ్గర ఇంగ్లీషు ట్యూషను. అందుకని సభ ఇకమీదట బ్యూగిల్ తర్వాత." వేళ పెట్టే అధికారం సభాపతిది, సభాపతీ ఆయనే. అండాలు నా వంక చూసింది, నేను అండాలు వంక చూశాను. "గప్పుడు మాకెట్ల కుదురుతది?" అని అది అడిగింది. "కుదుర్చుకోవాలి," అన్నాడు ప్రభన్నయ్య. "దేశమన్నాక త్యాగం చెయ్యాలి."

మొదటి సభ రోజు నేను చాప మీద కూర్చుని పాట పాడుతూ కిటికీలోంచి గుండు వైపే చూశాను. చీకట్లో ఏమీ కనపడలేదు. రెండో సభ రోజు మా ప్రార్థన కాస్త ముందే ముగిసింది. అమ్మ గిన్నెలో గోంగూర పచ్చడి పెట్టి హెడ్మాస్టరుగారింట్లో ఇచ్చి రమ్మంది. వాళ్ళింట్లో ప్రార్థన ఇంకా సాగుతోంది. అదే లాంతరు, అదే చాప, అదే పాట. చాప మీద ఇంటిల్లిపాదీ ఉన్నారు. ప్రభన్నయ్య లేడు. వాళ్ళమ్మ లేచి వచ్చి గిన్నె అందుకుంది. "అన్నయ్య ఏడండీ?" అన్నాను. ఆవిడ నవ్వింది. "వాడు గుండు మీద మీటింగులో ఉన్నాడమ్మా. మగపిల్లాడిని ఎంతసేపని కూర్చోబెడతాం? వాడి కోసం మేం చేస్తున్నాంగా ప్రార్థన." నేను ఖాళీ చేతులతో ఆ గుమ్మంలో నిలబడిపోయాను. బ్యూగిల్ మా అందరికీ ఒకటే ఊదుతుందనుకున్నాను అప్పటిదాకా. అది కొందరికి లోపలికి రమ్మని, కొందరికి బయటికి పొమ్మని ఊదుతుందని ఆ గుమ్మంలో తెలిసింది.

మూడో సభ రోజు నాన్న దగ్గరికి వెళ్ళాను. నాన్న మెత్తటి మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని వాలు కుర్చీలో కూర్చున్నాడు. "నాన్నా, ఈ ఒక్క రోజు ప్రార్థనకి రాను. సభకి వెళ్ళాలి. వెళ్ళకపోతే నా పేరు కొట్టేస్తారు," అన్నాను. ఏ సభ అనడిగాడు. అంతా చెప్పాను. కూర్చుని ఆసక్తిగా విన్నాడు, మధ్యలో నవ్వాడు కూడా. "అలా పేర్లు తీసేస్తేనేనమ్మా కోరం సరిపోయేది. ప్రభు తెలివైనవాడే," అన్నాడు. "మరి నా పేరు?" అన్నాను. "రూలు రూలే కదమ్మా. నువ్వూ చెయ్యెత్తావుగా." "అన్నయ్య కూడా ప్రార్థనకి రాకుండానే గుండు మీద ఉంటున్నాడు నాన్నా." "వాడి సంగతి వేరు. దీపాలు పెట్టే వేళ ఆడపిల్లవి గుండ్లెక్కి కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని, అదే మెత్తటి గొంతుతో, "చాప పరుచు తల్లీ," అన్నాడు. పరిచాను. ఆ రోజు నాన్న ప్రార్థనలో దేశాన్ని ఏలేవారికి జ్ఞానం ఇమ్మని దేవుణ్ణి అడిగాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నాన్న ముఖంలోకి చూస్తూనే ఆమెన్ అన్నాను. నాన్నంటే నాకు ప్రాణం, ఆయన పోయినప్పుడు నెల రోజులు మనిషిని కాలేకపోయాను. కానీ ఆ సాయంత్రం మీద కోపం నాన్నతో పాటు సమాధిలోకి పోలేదు.

ఆదివారం చర్చి అయ్యాక అండాలు, నేను గుండెక్కాం. అది అలవాటుగా బిందె తెచ్చింది. మా ఇద్దరి పేర్లూ లేవు. తడి గోనెపట్టాతో రుద్దేశారు. జాజు అంత తొందరగా పోతుందా, ఎర్రటి మరకలు రెండు మిగిలాయి. వాటి పైన రాష్ట్రపతి పేరూ, ప్రధానమంత్రి పేరూ నిక్షేపంగా ఉన్నాయి. ప్రభన్నయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రాజ్యాంగం ప్రకారమే చేశాం. మీరు చెయ్యెత్తిన రాజ్యాంగమే," అన్నాడు. అండాలు ఆ మరకల్ని చూసి, బిందెను గుండు మీద బోర్లించింది. నీళ్ళన్నీ రాష్ట్రపతి కాళ్ళ మధ్య నుంచి చీలికలోకి పోయాయి. "మేము మానలే. మీరే మేము లేని యాళ చూస్కొని పెట్టుకున్నరు," అంది. అంత చిన్న పిల్ల, అంత తేటగా చెప్పింది. ఆ మాట ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. "ఆసక్తి కోల్పోయారు" అన్నది మాత్రం రాసుకున్నారు.

ఆ తర్వాత రెండు రోజులకో మూడు రోజులకో శ్రీహరి తల గోక్కుంటూ వచ్చాడు. "ప్రభు జెర నీళ్లు తెమ్మంటుండు. పైకి రావద్దంట, గుండు కింద పెట్టి పొమ్మన్నడు." పేరు తీసేశారు గానీ బిందె కావాలి. అండాలు పేడచేతులు నడుముకు పెట్టుకుని, "మీ రాష్ట్రపతికి దూపైతె బాయికాడికి నడిచి రమ్మను. బాయికి ఏ టైమన్నా ఒకటే," అని పంపేసింది. ఇక ఆ దేశంలో ఒక రాష్ట్రపతి, ఒక ప్రధానమంత్రి. ప్రజలెవరు? ఊడ్చేవాళ్ళు లేరు, జెండా కట్టేవాళ్ళు లేరు, వినేవాళ్ళు లేరు. ఇద్దరూ ఎవరు ఎవరి మాట వినాలన్న దగ్గర పోట్లాడుకుని, వానలు మొదలయ్యేలోపే గుండు దిగిపోయారు. జెండా వానకు తడిసి ఒక సీతాఫలం కొమ్మకు వేలాడుతుంటే నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. అమ్మ దాన్ని మసిగుడ్డ చేసుకుంది.

ఇదంతా పిల్లలాట అంటారా? ప్రభన్నయ్యా అదే అన్నాడు. నాకూ ఆటగానే మిగిలిపోయి ఉండేది, ఆ తర్వాత చూసిందంతా వేరుగా ఉంటే. ఆఫీసులో చేరాను. యూనియన్ మీటింగులు సాయంత్రం ఆరున్నరకు. ఆ వేళకు మేమంతా సిటీ బస్సులో వేలాడుతూ, ఇంట్లో నానబెట్టిన పప్పు గురించి ఆలోచిస్తూ ఉండేవాళ్ళం. "లేడీస్ రారండీ, వాళ్ళకి ఇంట్రెస్టుండదు," అనేవారు నాయకులు. కథలు రాయడం మొదలుపెట్టాక సాహిత్య సభలూ అదే వేళకు. నేను మధ్యలో లేచి వెళ్ళిపోతే, "ఆవిడకి విమర్శ పడదు," అన్నాడొకాయన. పిల్లాడికి జ్వరం కాబట్టి లేచానని నేను ఎవరికీ చెప్పలేదు. చర్చి కమిటీలోకి ఆడవాళ్ళను తీసుకోవాలని తీర్మానం వచ్చినప్పుడు తీసుకున్నారు కూడా, తీసుకుని కమిటీని రాత్రి భోజనాల వేళకు మార్చారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరూ పొమ్మనలేదు. వేళ మార్చారు, అంతే. ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో మా గుండ్లు లేవు. మందుపెట్టి పేల్చి, పలకలుగా కోసి, అక్కడే ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టారు. మా ఎర్ర మరకలు ఎవరి వంటింటి గట్టు కింద ఉన్నాయో తెలియదు. ఆడపిల్లలు ఇప్పుడు అర్ధరాత్రి కూడా ఆఫీసులకు క్యాబుల్లో వెళుతున్నారు, చూస్తే కడుపు నిండుతుంది. కానీ మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం ఏ వేళకు పెడతారో తెలుసా? ఆదివారం పొద్దున్న పదిన్నరకు, ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద కూర ఉన్నప్పుడు. కింద కుర్చీల్లో అంతా మగవాళ్ళే. పైనుంచి తాలింపు వాసన వస్తూ ఉంటుంది.

మొన్నటికి వస్తాను. "ఈ వాక్యం అబద్ధం అన్నయ్యా," అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. "ఎన్నేళ్ళ కిందటి సంగతే అమ్మాయ్, ఇంకా పట్టుకు కూర్చున్నావా?" నేను నవ్వలేదు. ఫోన్ తీసి అండాలుకు చేసి స్పీకరు పెట్టాను. అండాలు ఇప్పటికీ నేరేడ్‌మెట్‌లోనే ఉంది. బర్రెలు పోయి పాల దుకాణం వచ్చింది. సంగతి చెప్పాను. "ఆసక్తి లేకుండెనా నాకు? బర్రె కాడ కూసొని ఆ గుండు దిక్కు చూస్కుంట ఏడ్చిన దినం నాకెర్క," అంది. తర్వాత, "దేశం మళ్ల షురూ చేస్తుండంట గదా. మంచిది. సభ పెట్టుమను. ఇయ్యాలనే పెట్టుమను. పాల బండి వచ్చిపోయినంక ఆరున్నరకు నేనొస్త. శ్రీహరి లేడు, ముగ్గురం ఉన్నం, సాలదా?" అని పెట్టేసింది.

"విన్నావుగా," అన్నాను. "మొదట్నుంచీ ఉన్న పౌరులం ముగ్గురం. ఇక్కడే, ఆరున్నరకి. సంస్కరణలన్నీ ఇవాళే తేల్చేద్దాం. అండాలు అప్పుడు చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చింది." ప్రభన్నయ్య గడియారం చూసుకున్నాడు. ముఖంలో నవ్వు పోయింది. "ఆరున్నరకి నాకు కుదరదు సుగుణమ్మా," అన్నాడు. "మీ వదినకి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ సాయంత్రాలు నేనే. ఆయా ఆరింటికి వెళ్ళిపోతుంది. జావ కాచి పట్టించాలి, ఒళ్ళు తుడవాలి, మందులెయ్యాలి. పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. ఆ వేళకి నేను కదల్లేను." వదినకు బాగోలేదని తెలుసు గానీ ఇదంతా ఈయన చేస్తున్నాడని నాకు తెలియదు. అప్పుడు చూశాను ఆయన చేతులు. వేళ్ళ కొసలు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి, బొటనవేలి మీద పాత్ర అంటుకుని కాలిన మచ్చ. నా చేతులూ అలాగే ఉండేవి. జాలేసింది, అబద్ధమెందుకు. కానీ జాలి వేసినంత మాత్రాన కోపం తగ్గాలని ఎక్కడా లేదు.

"అయితే నీకు ఆసక్తి లేదన్నమాట," అన్నాను.

ఆయన ల్యాప్‌టాప్ మూసేశాడు. దూరంగా, బండ్ల హారన్ల మధ్య, బారకాసుల వైపు నుంచి సన్నగా బ్యూగిల్ వినిపించింది. యాప్రాల్ నుంచి ఇప్పటికీ వినిపిస్తుంది, చెవి పెడితే. ఆయన గబగబా లేచాడు. సంచీ సర్దుకుని, చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో వంగి, నా వైపు చూడకుండా, "ఆ వాక్యం తీసేస్తాలే," అన్నాడు.

"తీసెయ్యకు అన్నయ్యా. తుడిచెయ్యడం నీకు మొదట్నుంచీ వచ్చు. దిద్దు."

"ఏమని దిద్దను?"

"బ్యూగిల్ తర్వాత సభ పెట్టామని రాయి," అన్నాను.